కారునకు నక్షత్రము లెట్లు వచ్చినవి



పూర్వము ఎడ్లను కొనునపుడు మన పెద్దలు సుడులు చూచెడివారు, పండ్లు లెక్కించెడివారు, కాడి కట్టి నాలుగడుగులు నడిపించి చూచెడివారు. ఇప్పుడు ఆ యింటనే మనుమడు కారు కొనదలచి తాతగారి సలహా అడుగుచున్నాడు. అతడు కోరునది తరచుగా ఒకే తరహా బండి. కారువలె నడుచును, జీపువలె ఎత్తుగా నుండును, పొడవు మాత్రము నాలుగు మీటర్లకు లోబడి యుండును. నాలుగు మీటర్లకు లోబడిన చిన్న బండ్లపై 2006లో ప్రభుత్వము పన్ను తగ్గించుటచే మన దేశమున కారుల పొడవు అక్కడ ఆగిపోయినది. ఈ జాతి బండిని క్రాసోవరు అనియు, కాంపాక్టు ఎస్.యు.వి. అనియు వ్యవహరింతురు. "దీనికి ఐదు నక్షత్రములు వచ్చినవి తాతా, భయము లేదు" అని మనుమడు చెప్పును. తాతగారు తల యూపుదురు. ఆ నక్షత్రములను ఎవరు ఇచ్చిరి, ఏమి చూచి ఇచ్చిరి, ఏమి చూడకయే ఇచ్చిరి అని అడుగుటకు తాతగారికి హక్కు కలదు. ఆ ప్రశ్నకు చరిత్రయం దున్న సమాధానమును నేడు మీకు విన్నవింప దలచినాను.

మోటారు బండి పుట్టిన పిమ్మట చాల కాలము దాని క్షేమమును గూర్చి ఎవరును విచారింపలేదు. 1869లో ఐర్లండు దేశమున మేరీ వార్డు అను విదుషీమణి తన బంధువులు చేయించిన ఆవిరి బండిలో పోవుచు, మలుపున జారిపడి దాని చక్రము క్రింద మరణించెను. యంత్రశకటమువలన కలిగినట్లు వ్రాతయందు నిలిచిన తొలి మరణములలో అది యొకటి. ఆమె సూక్ష్మదర్శినిని గూర్చి పుస్తకములు వ్రాసిన శాస్త్రజ్ఞురాలు. అది మొదలు ఇంచుమించు నూరేండ్లు, ప్రమాదమునకు కారణ మేమని అడిగినచో లోకము చెప్పిన జవాబు ఒక్కటే: నడిపినవాడు సరిగా నడుపలేదు. బండిని ఎవరును బోనులో నిలువబెట్టలేదు.

ఆ జవాబును మొదట శంకించినవారిలో హ్యూ డీహేవెన్ అను అమెరికావాడు ముఖ్యుడు. ఇతడు మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1917లో, కెనడాలో విమానము నడుపుట నేర్చుకొనుచుండగా ఆకాశమున మరియొక విమానము తగిలి నేల గూలి, మిక్కిలి గాయపడియు బ్రదికి బయటపడెను. నేనేల బ్రదికితిని అను ప్రశ్న అతనిని వదలలేదు. తరువాత చాల యేండ్లు 50 మొదలు 150 అడుగుల ఎత్తునుండి పడియు చావనివారి వృత్తాంతములను సేకరించి, 1942లో ప్రకటించెను. అతడు కనుగొన్నది మన కుమ్మరులకు తెలిసినదే. సంతకు కుండలు తీసికొనిపోవు కుమ్మరి బండిలో గడ్డి పరచి, కుండకును కుండకును నడుమ గడ్డి దోపును. బండి కుదుపును అతడు ఆపలేడు, కాని ఆ కుదుపు కుండకు తగులు తీరును మార్చగలడు. మనుష్యులను మాత్రము మోటారు బండిలో గడ్డి లేని కుండలవలె కూర్చుండబెట్టితిమి.

ఈ విద్య పిమ్మట వేగముగా పెరిగినది. 1954 డిసెంబరు 10వ తేదీన జాన్ పాల్ స్టాప్ అను సైనిక వైద్యుడు తన శరీరమునే పరీక్షకు ఒప్పగించి, రాకెట్లు కట్టిన పీఠముపై గంటకు 1,000 కిలోమీటర్లకు మించిన వేగముతో పోయి, 1.4 సెకండ్లలో ఆగెను. కన్నులలో నెత్తురు చిమ్మినది గాని బ్రదికెను. గట్టిగా కట్టి యుంచినచో మానవదేహము మిక్కిలి పెద్ద దెబ్బకును ఓర్చుకొనగలదని లోకమునకు తెలిసినది. జర్మనీలో బేలా బరేనీ అను ఇంజనీరు, బండి ముందుభాగము నలిగి దెబ్బను మ్రింగవలెను, మనుష్యులు కూర్చుండు గది నలుగరాదు అను సూత్రమును చెప్పెను; 1959లో మెర్సిడెస్ కంపెనీ ఆ సూత్రముపై కారును కట్టినది. ఆ సంవత్సరమే స్వీడను దేశపు వోల్వో కంపెనీలో నీల్స్ బోలిన్ అను ఇంజనీరు భుజము మీదుగా నడుమునకు వచ్చు మూడు కొసల బెల్టును తయారుచేసెను. అంతకుముందు అతడు విమానములలో పైలటును బయటకు ఎగురవేయు పీఠములను కట్టెడివాడు. వోల్వో కంపెనీ ఆ బెల్టు హక్కును తన యొద్దనే దాచుకొనక తక్కిన కంపెనీలవారందరికిని విడిచిపెట్టినది. వ్యాపారచరిత్రలో ఇట్టి పనులు అరుదు గనుక చెప్పుచున్నాను.

ఇక తీర్పుల కథ. 1965లో రాల్ఫ్ నేడర్ అను యువన్యాయవాది, కార్లు స్వభావముచేతనే ప్రమాదకరముగా కట్టబడుచున్న వని ఒక పుస్తకము వ్రాసెను. అందు మొదటి అధ్యాయమున జనరల్ మోటార్సు వారి కోర్వేర్ అను కారును ముద్దాయిగా నిలువబెట్టెను. వెనుక చక్రముల కూర్పువలన మలుపులలో అది అదుపు తప్పునని అతని వాదము. కంపెనీ వారు అతని వెనుక గూఢచారులను పంపిరి. ఆ సంగతి బయటపడగా 1966 మార్చిలో కంపెనీ అధ్యక్షుడు సెనేటు సంఘము నెదుట క్షమాపణ చెప్పవలసి వచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము మోటారు బండ్ల క్షేమమునకు చట్టము చేసెను. ఇంతవరకు చాలమందికి తెలిసినదే. తెలియనిది ఒకటి కలదు. ఆ చట్టమువలన ఏర్పడిన ప్రభుత్వశాఖయే కోర్వేర్ కారును పరీక్షింపించి, 1972లో, ఆ కారు తన కాలపు ఇతర కార్లకంటె ఎక్కువ ప్రమాదకరము కాదని తేల్చెను! పుస్తకము చట్టమును తెచ్చినది; చట్టము తెచ్చిన పరీక్ష పుస్తకములోని మొదటి ముద్దాయిని విడిచిపెట్టినది. దీనివలన నేడర్ శ్రమ వ్యర్థమైనదని నేననను. ఒక బండిని గూర్చిన వాదము నిలువకపోయినను, బండిని గూర్చి అడుగవచ్చును అను సంగతి నిలిచినది.

1979లో అమెరికా ప్రభుత్వము కార్లను గంటకు 56 కిలోమీటర్ల వేగముతో గోడకు కొట్టి, లోపల కూర్చుండబెట్టిన మనిషిబొమ్మలకు తగిలిన దెబ్బలను లెక్కకట్టి ప్రకటించుట మొదలుపెట్టెను. ఆ లెక్కలు సామాన్యులకు అర్థము కాకుండెను. అందుచేత 1993లో అంకెలకు మారు నక్షత్రములు పెట్టిరి. మన మనుమలు చెప్పు నక్షత్రములకు మూలమిది. ఐరోపాలో ఇట్టి పరీక్ష 1997లో మొదలైనది. ఆ ఫలితములు వచ్చిన దినమున కంపెనీలవారు మండిపడి, ఈ కొలత ప్రకారము నాలుగు నక్షత్రములు పొందుట ఏ కారునకును సాధ్యము కాదనిరి. ఆ సంవత్సరపు జూలైలోనే వోల్వో వారి కారు ఒకటి నాలుగు నక్షత్రములు పొందినది. కంపెనీలవారు అసాధ్యము అను మాటను ఎట్లు వాడుదురో దీనివలన కొంత తెలియును.

ఎత్తు బండ్ల విషయమునకు వత్తును. ఇది మీకు నాకంటె బాగుగ తెలిసిన సంగతి. వరిగడ్డి ఎత్తుగా వేసిన బండి చెరువుగట్టు మలుపున ఒరిగిపోవును. అదే బండిలో అంతే బరువు గల ధాన్యపు బస్తాలు పరచినచో ఒరుగదు. బరువు ఎత్తున నున్నదా, క్రింద నున్నదా, చక్రముల నడుమ వెడల్పు ఎంత, ఇవియే లెక్కలు. మోటారు బండికిని ఇదే లెక్క. రెండు చక్రముల నడుమ వెడల్పులో సగమును, బరువు నిలిచిన కేంద్రము ఎత్తుచే భాగింపగా వచ్చిన సంఖ్య చిన్నదైన కొలది బండి ఒరుగుటకు సిద్ధముగా నుండును. సాధారణముగా కార్లకు ఈ సంఖ్య 1.3 మొదలు 1.5 వరకును, ఎత్తుబండ్లకు 1.0 మొదలు 1.3 వరకును ఉండును. 2001 మొదలు అమెరికా ప్రభుత్వము ఈ లెక్కకును నక్షత్రము లిచ్చుచున్నది.

ఆ లెక్క రాకముందు పెద్ద వ్యాజ్యము నడిచినది. 1988లో అమెరికాలోని వినియోగదారుల సంఘ మొకటి సుజుకీ సామురాయ్ అను చిన్న ఎత్తుబండిని, ఎదురుగా అడ్డము వచ్చినదాని నుండి తప్పుకొనునట్లు మలుపులు త్రిప్పి పరీక్షించి, అది ఒరుగుచున్నది గనుక అంగీకరింపరాని బండి అని తన పత్రికలో తీర్పు చెప్పెను. ఈ సామురాయ్ వంశమునకు చెందినదే మన దేశమున 1985లో వచ్చిన మారుతీ జిప్సీ. అయితే మన జిప్సీ పొడవు, కొలతలు వేరు గనుక ఆ తీర్పును దీనికి అంటగట్టుట న్యాయము కాదు. అమెరికాలో సామురాయ్ అమ్మకములు కూలిపోయినవి. ప్రభుత్వశాఖను ఆ బండ్లను వెనుకకు పిలిపింపుమని కోరగా, ఇతర చిన్న జీపులకంటె ఇది మిక్కిలి ఎక్కువగా దొర్లుచున్నట్లు లెక్కలు చూపుట లేదని ఆ శాఖ నిరాకరించెను. 1996లో సుజుకీ కంపెనీ దావా వేసి, పరీక్షించినవారు బండి ఒరుగువరకు త్రోవను మార్చి మార్చి నడిపిరని వాదించెను. ఆ దావా ఎనిమిదేండ్లు సాగి, 2004లో సొమ్ము చేతులు మారకుండ రాజీ అయినది. మామూలు నడకలో ఆ బండి తేలికగా దొర్లునని తాము చెప్పలేదని సంఘము వారు వివరణ యిచ్చిరి.

ఎవరిది న్యాయము? నా మట్టుకు నాకు తోచినది చెప్పెదను. పశువు తలయెత్తి బాటకు అడ్డము వచ్చిన క్షణమున ఎవడును మామూలుగా నడుపడు. ఆ క్షణమునకే పరీక్ష కావలెను. కాని ఆ పరీక్షలో త్రోవ ఒకటే, వేగము ఒకటే, అన్ని బండ్లకును ఒకటే అయి యుండవలెను. కొలకుండ సరిగా లేనిచో ధాన్యమును గూర్చిన తగవు ఎన్నడును తెగదు.

ఈ తగవునకు ఒక విచిత్రమైన పరిష్కారము స్వీడను దేశమునుండి వచ్చెను. అచ్చట మూస్ అను పెద్ద దుప్పి రాత్రివేళ బాటకు అడ్డము వచ్చుచుండును. అందుచేత అచ్చటి పత్రికవారు బండిని చటుక్కున ప్రక్కకు త్రిప్పి వెనుకకు తెచ్చు పరీక్ష చేయుదురు. 1997 అక్టోబరులో మెర్సిడెస్ వారి క్రొత్త చిన్నకారు, ఎ-క్లాసు అనునది, పొట్టిగా ఎత్తుగా నుండునది, ఆ పరీక్షలో తలక్రిందులైనది. బెంజి కారు బోల్తా పడుట! లోకమంతయు నవ్వినది. కంపెనీవారు అమ్మకము నిలిపి, బండి జారుటను పసిగట్టి ఒక్కొక్క చక్రమునకు విడివిడిగా బ్రేకు వేసి దారికి తెచ్చు సాధనమును, అనగా స్థిరత్వము నిలుపు ఇ.ఎస్.సి.ని, ఆ కారులన్నిటికిని పెట్టిరి. అంతవరకు ఖరీదైన కార్లకే పరిమితమైన సాధనము చిన్నకారులోనికి దిగివచ్చినది. దాని ఫలితము కొద్దిపాటిది కాదు. ఎత్తుబండ్లు తమంతట తాము బోల్తాపడి ప్రాణములు తీయు ప్రమాదములు ఈ సాధనమువలన ఇంచుమించు 80 శాతము తగ్గుచున్నవని అమెరికాలో బీమా కంపెనీలు నడుపు పరిశోధన సంస్థ 2006లో లెక్కగట్టెను. 2012 మాదిరి మొదలు అచ్చట అన్ని కార్లకును అది చట్టప్రకారము తప్పనిసరి యైనది.

ఆ బీమా సంస్థ చేసిన మరియొక పరీక్షను కొంచెము వివరముగా చెప్పవలెను. నేటి ప్రసంగమునకు అదియే ఆయువుపట్టు.

1994లో జపాను దేశపు టొయోటా కంపెనీ రావ్4 అను చిన్న బండిని తెచ్చెను. జీపునకు వలె వేరు చట్రముపై పెట్టె బిగించునట్లు గాక, కారువలె చట్రమును పెట్టెయు ఒక్కటిగా కట్టి ఎత్తు పెంచిన బండి. నేటి క్రాసోవరులకు ఇది పెద్దన్న వంటిది. లోకమంతట లక్షలుగా అమ్ముడుపోయెను. 1995 మొదలు బీమా సంస్థవారు కారు ముఖములో 40 శాతము భాగము తగులునట్లు గంటకు 64 కిలోమీటర్ల వేగముతో ఢీకొట్టి చూచుచుండిరి. కాలక్రమమున దాదాపు అన్ని కార్లును ఆ పరీక్షలో నెగ్గుచుండెను. అయినను ముఖాముఖి ప్రమాదములలో జనులు చచ్చుచునే యుండిరి. ఏలయని విచారింపగా, వానిలో చాల ప్రమాదములందు కారు ముఖమంతయు గాక మూల మాత్రమే చెట్టునకో స్తంభమునకో ఎదురు బండి మూలకో తగులుచున్నట్లు తేలినది. కారు ముందుభాగమున దెబ్బను మ్రింగు రెండు గట్టి దూలములు లోపలి వైపున నుండును. మూల తగిలినచో దెబ్బ ఆ దూలమును తప్పించుకొని చక్రము మీదుగా నేరుగా కాళ్లున్న చోటికి వచ్చును. అందుచే 2012లో 25 శాతము భాగము మాత్రమే తగులు క్రొత్త పరీక్ష పెట్టిరి.

పాత పద్దులు తిరుగవేసినట్లు, పాత కీర్తులన్నియు తారుమారైనవి. 2013 మే నెలలో ఆ సంస్థ ప్రకటించిన 13 చిన్న ఎత్తుబండ్లలో రెండు మాత్రమే గట్టెక్కినవి. రావ్4 యొక్క 2013, 2014 మాదిరులు ఈ పరీక్షలో అధమ తరగతిలో పడినవి. కంపెనీ వారు బండిని బలపరచిరి. 2015 మాదిరి ఉత్తమ తరగతిని పొందినది. ఇక్కడితో కథ ముగిసినచో అందరును చేతులు తట్టవలసినదే.

కాని పరీక్ష జరిగినది నడుపువాని ప్రక్కన మాత్రమే. రెండవ ప్రక్క ఎట్లున్నదో చూతమని ఆ సంస్థవారు 2016లో, నడుపువాని ప్రక్క పరీక్షలో ఉత్తమ తరగతి పొందిన ఏడు చిన్న ఎత్తుబండ్లను తీసికొని, ప్రయాణికుని ప్రక్క మూలను ఢీకొట్టిరి. ఏడింటిలో ఒక్క హ్యుండై టూసాన్ మాత్రమే ఉత్తమముగా నిలిచినది. 2015 రావ్4 బండిలో నడుపువాని ప్రక్కకంటె ప్రయాణికుని ప్రక్కన ఇనుము 13 అంగుళములు ఎక్కువగా లోనికి చొచ్చుకొనివచ్చినది. తరగతి యిచ్చినచో అది అధమమే. విప్పి చూడగా ఆ యేడింటిలో రావ్4, నిస్సాన్ రోగ్ అను రెండు బండ్ల కట్టడమే రెండు ప్రక్కల సమానముగా లేదని కంటికి కనబడెను.

దీనిని మోసమనుటకు నాకు మనసొప్పదు. పరీక్షలో అడిగిన ప్రశ్నకు జవాబు వ్రాసిరి; అడుగనిదానికి వ్రాయలేదు. కాని నడుపువాని ప్రక్కన కూర్చుండున దెవరు? ఇల్లాలు, తల్లి, లేక ఇంటి పెద్ద. ఆ పదమూడు అంగుళములు ఎవరి మోకాళ్ల మీదికి వచ్చునో ఆలోచింపుడు. పిమ్మట 2018 సంవత్సరపు ఉన్నత బిరుదునకు రెండవ ప్రక్క పరీక్షయు తప్పనిసరి యని ఆ సంస్థవారు నిర్ణయించిరి. అడుగగా కంపెనీలవారు ఆ ప్రక్కనుకూడ బలపరచిరి.

మన దేశమునకు ఈ పరీక్షలు ఆలస్యముగా వచ్చినవి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన దేశమున విరివిగా అమ్ముడుపోవు ఐదు చిన్న కార్లను తెప్పించి ఢీకొట్టి చూచెను. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఐదింటికిని సున్న. అవి గాలిసంచులు లేని, ధర తక్కువైన మాదిరులు. వానిలో ఫిగో, పోలో కార్ల పెట్టె గట్టిగానే నిలిచినది. గాలిసంచులు గల పోలోకు నాలుగు నక్షత్రములు వచ్చినవి. తక్కిన మూడింటి పెట్టెయే నలిగిపోవుటచే సంచులు పెట్టినను ప్రయోజనము తక్కువ యని చెప్పిరి. అదే పోలో ఐరోపాలో సంచులు లేకుండ అమ్మబడలేదు. మన ప్రాణము చౌక అని వారనలేదు, మనము అడుగలేదు.

నాలుగేండ్ల పిమ్మట కాలము మారెను. టాటా కంపెనీ 2017లో విడుదల చేసిన నెక్సాన్ అను చిన్న ఎత్తుబండిని ఆ సంస్థయే 2018లో రెండుసార్లు పరీక్షించినది. ఆగస్టులో పెద్దల రక్షణకు 17 మార్కులలో 13.56 వచ్చి నాలుగు నక్షత్రములు దక్కినవి. కంపెనీవారు బండిని మెరుగుపరచి, ముందు రెండు సీట్లకును బెల్టు పెట్టుకొమ్మని గుర్తుచేయు గంటను ఏర్పాటుచేసి, మరల పరీక్షకు పంపిరి. డిసెంబరులో 16.06 మార్కులు వచ్చినవి, ప్రక్కనుండి తగులు దెబ్బకును తట్టుకొన్నది. ఐదు నక్షత్రములు! మన దేశమున తయారై ఆ సంస్థ చేతిలో ఐదు నక్షత్రములు పొందిన మొదటి కారు అదియే. అది మెచ్చుకొనదగిన సంగతి, నేను మనసార మెచ్చుకొనుచున్నాను.

అయినను పత్రమును పూర్తిగా చదువుడు. చిన్నపిల్లల రక్షణకు ఆగస్టులోను డిసెంబరులోను వచ్చినవి 49కి 25 మార్కులే, మూడు నక్షత్రములే. ఊరూర వినబడినది ఐదు. వెనుక సీటులోని పసివానికి వచ్చినది మూడు. ఈ లోటు తీరుటకు ఐదేండ్లు పట్టినది. ఈ నడుమ పరీక్షకూడ కఠినమైనది. 2022లో ఆ సంస్థ ఇ.ఎస్.సి. సాధనమును, ప్రక్కనుండి స్తంభము తగులు దెబ్బను, బాటసారుల రక్షణను గూడ లెక్కలోనికి తెచ్చెను. 2024 ఫిబ్రవరిలో క్రొత్త నెక్సాన్ ఆ కఠినమైన కొలతపై పెద్దలకు 34కి 32.22, పిల్లలకు 49కి 44.52 మార్కులు పొంది రెండింటను ఐదు నక్షత్రములు తెచ్చుకొన్నది. పేరు ఒక్కటే. 2018 వేసవిలో కొన్న బండి, 2019లో కొన్న బండి, 2024లో కొన్న బండి మూడును నెక్సానులే. పాతబండి కొనబోవువారు ఈ సంగతిని గమనింపవలెను. అమ్మకపువాడు మూడింటికిని ఐదు నక్షత్రములే చెప్పును.

2023 అక్టోబరు 1వ తేదీనుండి మనకు సొంత పరీక్ష, భారత్ ఎన్‌క్యాప్, ఏర్పడినది. అందులో ఎదురు దెబ్బ గంటకు 64 కిలోమీటర్ల వేగముతోను, ప్రక్క దెబ్బ 50 కిలోమీటర్లతోను, స్తంభపు దెబ్బ 29 కిలోమీటర్లతోను పరీక్షింతురు. ఇది నిర్బంధము కాదు. కంపెనీవారు తామై బండిని పంపవలెను. వెనుకాడు విద్యార్థి పరీక్షకు రానవసరము లేని బడివలె నున్నదని నా అభిప్రాయము. అందుచేత నక్షత్రములే లేని బండి కనబడినచో, అది తప్పినదా, కూర్చుననే లేదా అని అడుగవలెను.

పరీక్ష సంగతి యిది. బాట మీది సంగతి మరియొకటి. గోడకు కొట్టు పరీక్షలో బండి తన బరువు గల మరియొక బండిని ఢీకొన్నట్లు లెక్క. ఐదు నక్షత్రముల చిన్నబండి ఇసుక లారీని ఢీకొన్నపుడు ఆ నక్షత్రములు లారీ బరువును తగ్గింపలేవు. పోనీ, ఏ బండిలో ఎందరు చనిపోయిరో బాటమీది లెక్కను బట్టియే తీర్పు చెప్పుద మన్నచో, మన కేంద్రప్రభుత్వపు వార్షిక నివేదికలో కార్లు, టాక్సీలు, వ్యానులు అన్నియు ఒక్క పద్దు. అమెరికాలో బీమావారు బండి పేరువారీగా మరణముల లెక్క ప్రకటింతురు. మనకు అట్టిది కావలెనని అడుగుటకు ఇది తగిన కాలము.

ఆ నివేదికలో మాత్రము మన పనికివచ్చు అంకెలు కొన్ని కలవు. 2022లో మన దేశపు బాటలపై 1,68,491 మంది మరణించిరి. అందు 32,825 మంది నడచిపోవువారు. వారికి కారు నక్షత్రములతో నిమిత్తము లేదు. సీటు బెల్టు పెట్టుకొనక చనిపోయినవారు 16,715 మంది. వారిలో బండి నడుపువారు 8,384, ప్రక్కన వెనుక కూర్చున్నవారు 8,331. ఇంచుమించు సగపాలు! ఆ సంవత్సరమే సెప్టెంబరు 4వ తేదీన టాటా సంస్థల పూర్వాధ్యక్షుడు సైరస్ మిస్త్రీగారు మహారాష్ట్రలో పాల్ఘర్ వద్ద వంతెన గోడకు కారు తగిలి మరణించిరి. అది మెర్సిడెస్ వారి జి.ఎల్.సి., ఆ జాతి క్రాసోవరే. ఐరోపా పరీక్షలో 2015లో ఐదు నక్షత్రములు పొందినది. ముందు కూర్చున్న ఇరువురు బ్రదికిరి. వెనుక కూర్చున్న ఇరువురు మరణించిరి. వెనుకవారు బెల్టు పెట్టుకొనలేదని పోలీసులు చెప్పిరి.

బండి వెనుక సీటులో సాధారణముగా కూర్చుండువారము మనమే, ఒడిలో మనుమరాలితో. గంటకు 50 కిలోమీటర్ల వేగమున దెబ్బ తగిలినచో పది కిలోల పాపను ఏ తాత చేతులును పట్టి నిలువలేవు. అందుకే పసివారికి వేరు పీఠము పెట్టి బెల్టుతో బిగింపుమనుట. కొత్తబండి ఇంటికి వచ్చిన దినమున పూజ కాగానే ఒక పని చేయింపుడు. మన వైపున సీట్లకు తొడుగులు వేయించునపుడు వెనుక బెల్టుల కొక్కెములు సీటు క్రిందికి పోవును. సీటు ప్రక్కన గాలిసంచి యున్న బండ్లలో తొడుగు దానికి అడ్డగును. పశువులు తగులునని ముందు బిగించు ఇనుప కమ్ములు దెబ్బను మ్రింగు భాగమునకు అడ్డుపడి గాలిసంచిని తడబరచును. 2017 డిసెంబరులో కేంద్రప్రభుత్వము వానిని తీసివేయింపుమని రాష్ట్రములకు వ్రాసినది. కమ్ములున్నచో విప్పింపుడు, కొక్కెములను పైకి తీయింపుడు, మీ నడుమునకు బెల్టు అందునో లేదో బండి కదలకముందే చూచుకొనుడు.